సైకిల్ కంప్యూటర్ బ్యాటరీని మనమే మార్చుకోవచ్చా?

ప్రశ్న:
నమస్కారమండీ. ఆరేళ్లుగా నేను వాడుతున్న జీపీఎస్ సైకిల్ కంప్యూటర్ కొత్తలో ఒక్క చార్జింగుతో పదిహేను గంటలు పనిచేసేది. ఇప్పుడు నాలుగు గంటలకే ఆరిపోతోంది. 200 కిలోమీటర్ల బ్రెవేకు (గడువులోగా ముగించాల్సిన దూర ప్రయాణపు సైకిల్ రైడ్) పదమూడున్నర గంటల గడువు ఉంటుంది కనుక, మధ్యలో పవర్ బ్యాంకు తగిలించక తప్పడం లేదు. వాన పడితే చార్జింగు రంధ్రానికి ఉండే రబ్బరు మూత తెరిచి ఉంచడానికి వీలుండదు. సర్వీసు సెంటరులో బ్యాటరీ ఒక్కదాన్నే మార్చరట. మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్ ఇంట్లోనే ఉన్నాయి. విప్పమంటారా?

జవాబు:
విప్పవచ్చు, కానీ పాత బ్యాటరీ మీద ఏమి రాసి ఉందో చూసేవరకు కొత్తది కొనకండి. ముందుగా మీ రైడ్లన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించుకుని, చార్జింగును పాతిక శాతం దాకా దిగనివ్వండి. పొరపాటున ఏదైనా జరిగినా నిండు బ్యాటరీ కన్నా అదే నయం. వెనుక మూత ఉబ్బెత్తుగా ఉన్నా, తెర ఒక పక్కన పైకి లేచినా చార్జింగు పెట్టడం వెంటనే మానేయండి.

మరలు ఉంటే తీయండి. జిగురుతో అతికించిన రకమైతే హెయిర్ డ్రయ్యరుతో అంచులను గోరువెచ్చగా చేసి, పాత ఏటీఎం కార్డు మూలను సందులోకి దూర్చి నెమ్మదిగా చుట్టూ తిప్పండి. ఊడిందనుకోగానే లాగేయకండి, రెండు భాగాలనూ కలిపే రిబ్బన్ కేబుల్ వేలెడంత కూడా ఉండకపోవచ్చు.

లోపలి బ్యాటరీ మీద చాలావరకు ఆరంకెల సంఖ్య ఉంటుంది. 503040 అంటే మందం 5.0, వెడల్పు 30, పొడవు 40 మిల్లీమీటర్లు. దానికన్నా ముఖ్యమైనది ఓల్టేజి. 3.7 ఓల్టుల బ్యాటరీని 4.2 ఓల్టుల వరకే నింపాలి, 3.8 అని రాసి ఉన్నవాటిలో చాలావాటిని 4.35 దాకా నింపుతారు. ఆ రెండో రకం యంత్రంలో మొదటి రకం బ్యాటరీ పెడితే, ప్రతిసారీ దాన్ని హద్దు మీరి నింపుతున్నట్టే, అది ఉబ్బడానికీ మండడానికీ దారి. తీగలు మూడుంటే మూడోది సాధారణంగా ఉష్ణోగ్రతను కనిపెట్టేది. అప్పుడు రెండు తీగల బ్యాటరీ సరిపోదు.

ప్రశ్న అడిగినవారు:
విప్పానండీ. 3.7 ఓల్టులు, 503040, 600 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో తెలిపే కొలత) అని ఉంది. తీగలు రెండే, బోర్డుకు సోల్డరింగ్ చేసి ఉన్నాయి. కోఠి గుజరాతీ గల్లీలో రెండు దొరికాయి: ఒకటి ఇదే కొలత, 1000 ఎంఏహెచ్ అని రాసి ఉంది, మరొకటి 603040. మిల్లీమీటరే కదా తేడా, నొక్కితే పట్టదా?

జవాబు:
నొక్కకండి. లోపలి పొరలు నలిగితే షార్ట్ అవుతుంది; పైగా బ్యాటరీ వాడకంలో కొంత ఉబ్బుతుంది, దానికీ చోటు మిగలాలి. ఇక అదే కొలతలో 1000 అన్నది చీటీ మీద సంగతే, లోపల అంత పట్టదు. 600 అని నిజాయితీగా రాసినది ఉంటే అదే తీసుకోండి, దానికి ప్రొటెక్షన్ సర్క్యూట్ (హద్దు మీరి నిండకుండా, షార్ట్ అవకుండా కాపాడే చిన్న బోర్డు) ఉందో లేదో అడిగి చూడండి.

మరొకరు:
ఒక మాట కలుపుతాను. రెండు తీగలను ఒకే కత్తెరతో ఒకేసారి కత్తిరించకండి. కత్తెర ఇనుపదే కదా, నేను చేసినప్పుడు చిటపటమని నిప్పురవ్వలు లేచి కత్తెర అంచుకు గుంట పడింది. ఒక తీగ కోయగానే దాని కొనకు టేపు చుట్టి, తరువాతే రెండోది కోయాలి. కొత్త బ్యాటరీ ఎర్ర తీగే ప్లస్ అని నమ్మకుండా మల్టీమీటరు పెట్టి చూడండి. పాతదాన్ని బోర్డు నుంచి పెకలించడానికి స్క్రూడ్రైవరు వాడకండి. కింది జిగురులోకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, కొద్దిసేపు ఆగి, ప్లాస్టిక్ ముక్కతో లేపండి.

ప్రశ్న అడిగినవారు:
ఆదివారం పని పూర్తయింది. మొదటి రోజు శాతం లెక్క తప్పుగా చూపింది; పూర్తిగా నింపి, దానంతట అది ఆరిపోయేదాకా వాడి, మళ్లీ నింపాక కుదురుకుంది. బాగా విసిగించినది మరొకటి: అనంతగిరి ఎక్కుతుంటే చెమటలు కారుతున్నాయి, తెర మీద ఎత్తు మాత్రం కదలడం లేదు. బ్యాటరీ తప్పేమీ కాదా?

జవాబు:
కాదు. మూతకు పూసిన జిగురు వెనకాల ఉన్న సన్నని రంధ్రంలోకి దిగి ఉంటుంది. ఎత్తును లెక్కగట్టే బారోమీటరుకు గాలి అందేది దాని గుండానే. పైపైన ఉన్న జిగురును పుల్లతో గీకండి, గుండుసూది మాత్రం లోపలికి పొడవకండి. నీటిని ఆపే పలచని పొర ఆ వెనుకే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
సరిగ్గా అదేనండీ, ధన్యవాదాలు. మొన్నటి 200 ముగిసేసరికి 22 శాతం మిగిలింది. పాత బ్యాటరీ తీగల కొనలకు విడివిడిగా టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇచ్చాను. మూత మళ్లీ మునుపటంత బిగువుగా అతికిందని నమ్మకం లేదు, అందుకే వాన మొదలైతే ఓ పాలిథిన్ కవరు తొడుగుతున్నాను, కింది వైపు మూతి కట్టకుండా.