పీఎంపీ ఆడిట్: బావమరిది అనుభవం నిజమేనని నేను ధ్రువీకరించాలట, ఏం చేయమంటారు?

గచ్చిబౌలి_పీఎం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌ని. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ సర్టిఫికెట్) ఉంది, దాన్ని ఇచ్చే అమెరికా సంస్థ పీఎంఐలో మెంబర్‌ని కూడా. మా బావమరిది పాత కంపెనీలో నా టీమ్‌లోనే టెస్టింగ్ చేసేవాడు. తెలివైనవాడు, కష్టపడతాడు, అందులో మాట లేదు. ఇప్పుడు పీఎంపీకి అప్లై చేశాడు, అప్లికేషన్ కోచింగ్ వాళ్ళే నింపి పెట్టారట. ప్లానింగ్, బడ్జెట్, రిస్కులు, క్లయింట్‌తో మీటింగులు, అన్నీ రెండేళ్ళ పాటు ఇతనే నడిపించినట్టు రాశారు. ఆ పనులు చేసింది నేను. ఇతను చివరి ఏడెనిమిది నెలలు నలుగురున్న టెస్టింగ్ టీమ్‌ని చూసుకున్నాడు, అంతే.

అప్లికేషన్ ఆడిట్‌లో పడింది, అంటే రాసింది నిజమేనా అని పీఎంఐ తనిఖీ చేస్తోంది. ఆ ప్రాజెక్టుకి సాక్షిగా నా పేరు, నా మెయిల్ ఇచ్చేశాడు, ముందు ఒక్క మాట కూడా చెప్పలేదు. అడిగితే "ఒక్క క్లిక్కే కదా బావా" అంటాడు. మా ఆవిడ రెండు రోజులుగా ముభావంగా ఉంది. అత్తగారు ఫోన్ చేసి "వాడి ప్రమోషన్ దీని మీదే ఉంది అల్లుడుగారూ" అన్నారు.

కుదరదని చెప్పి ఊరుకుంటే సరిపోతుందా, లేక నేనే పీఎంఐకి కంప్లయింట్ పెట్టాలా? ఉల్లంఘన కనిపిస్తే సంబంధిత సంస్థ దృష్టికి తీసుకెళ్ళాలని పీఎంఐ నైతిక నియమావళిలో (కోడ్) ఉంది. అది చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

సాగరతీరం_వైజాగ్:

ధ్రువీకరించకండి, మొహమాటపడే చోటు కాదిది. పీఎంఐ కోడ్‌లో బాధ్యత, గౌరవం, నిష్పక్షపాతం, నిజాయితీ అని నాలుగు విలువలు ఉన్నాయి కదా, ఒక్కోదాని కింద అందుకోవడానికి ప్రయత్నించాల్సినవి కొన్ని, తప్పనిసరిగా పాటించాల్సినవి కొన్ని ఉంటాయి. ఎదుటివాళ్ళని మోసం చేసే పని చేయకూడదు, ఇంకొకరు చేస్తుంటే వంత పాడకూడదు అన్నది నిజాయితీ కింద తప్పనిసరి జాబితాలో ఉంది. పచ్చి అబద్ధమే కాదు, సగం నిజం చెప్పడం, చెప్పాల్సింది దాచడం కూడా అందులోకే వస్తాయి. మీవాడు ఆ ప్రాజెక్టులో ఉన్న మాట నిజం, దాన్ని నడిపించాడన్నది నిజం కాదు, రెండూ కలిపి ఒకే పేరాలో రాసేశారు.

ఈ కోడ్ మెంబర్లకి మాత్రమే అనుకుంటారు చాలామంది. మెంబర్ కాకపోయినా సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి, దానికోసం అప్లై చేయడం మొదలుపెట్టినవాళ్ళకి, వాలంటీర్లకి కూడా వర్తిస్తుంది. కాబట్టి మీవాడు కూడా ఇప్పటికే దాని కిందే ఉన్నాడు. కోచింగ్ వాళ్ళు నింపారన్న మాట చెల్లదు, పంపింది అతని పేరు మీద.

గోదారి_గట్టు:

అన్నా, నేను వేరేగా చెప్తాను, ఏమనుకోవద్దు. పరీక్ష వాడే కూర్చుని రాస్తాడు కదా, పక్కవాడి పేపర్ చూసి పాసవ్వట్లేదు కదా. అనుభవం కొంచెం పెంచి రాయడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే, రూల్ ప్రకారం పోయేవాళ్ళే వెనకబడుతున్నారు. ఎక్కడో అమెరికాలో ఉన్న సంస్థ కోసం అత్తగారింటితో మాటలు పోగొట్టుకోవడం అవసరమా? పెళ్ళాం తమ్ముడు, రేపు ఏ అవసరానికైనా ముందు వచ్చేది వాడే. నేనైతే ఓకే కొట్టేసేవాణ్ణి.

దోహా_సివిల్:

గోదారి అన్నా, నీ బాధ అర్థమైంది గానీ ఒప్పుకోలేను. ఇక్కడ కన్‌స్ట్రక్షన్‌లో చాలా టెండర్లలో ప్రాజెక్ట్ మేనేజర్‌కి పీఎంపీ ఉండాలని రాస్తారు. ఆ మూడక్షరాలు చూసి మనిషికి పని అప్పగిస్తారు. అలా వచ్చిన ఒకాయనతో పనిచేశాను. మొదటి ప్రోగ్రెస్ మీటింగ్‌లో కన్సల్టెంట్ "ఇప్పుడు క్రిటికల్ పాత్ మీద ఉన్న పని ఏది" అని, అంటే ఏది ఆగితే ప్రాజెక్టు మొత్తం ఆలస్యమవుతుందని అడిగితే ల్యాప్‌టాప్ ప్లానింగ్ ఇంజనీర్ వైపు తిప్పేశాడు. అక్కడితో పోతే బాగుండేది. వాటర్‌ప్రూఫింగ్ మెటీరియల్‌కి అప్రూవల్ ముందుగా పెట్టాలని ఆయనకి తెలీదు, అది రాక పని ఆగి స్టీల్ కట్టే మేస్త్రీలు, హెల్పర్లు రెండు వారాలు పని లేక కూర్చున్నారు. వాళ్ళలో సగం మంది మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళే. ఓవర్‌టైమ్ మీద లెక్కలేసుకుని ఇంటికి డబ్బు పంపే మనుషులు, ఆ నెల పంపింది తక్కువ.

నష్టం ఎక్కడో అమెరికాలో ఉన్న సంస్థకి కాదు. నిజంగా పదేళ్ళు సైట్ మీద పనిచేసి పీఎంపీ తెచ్చుకున్న మన కుర్రాడు ఇంటర్వ్యూకి వస్తే, హైదరాబాద్ అప్లికేషనా అని అనుమానంగా చూసేవాళ్ళు ఉన్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఓరుగల్లు_పద్మ:

తమ్ముడూ, నేను పీఎంపీ క్లాసులు చెప్తాను. మీ బావమరిదికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. ప్రాజెక్ట్ మేనేజర్ అనే హోదా ఉండాలని పీఎంఐ ఎక్కడా అనలేదు, ప్రాజెక్టు పనిని ముందుండి నడిపించి ఉండాలి, అంతే. నాలుగేళ్ళ డిగ్రీ ఉంటే 36 నెలల అనుభవం, 35 గంటల శిక్షణ చాలు. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చేసినా లెక్కకి ఒక్క నెలే. ఆ ఏడెనిమిది నెలల్లో టెస్టింగ్ షెడ్యూల్ వేసి, పని పంచి, రిస్కులు చూసుకుని ఉంటే ఆ నెలల్ని ఉన్నదున్నట్టు చూపించుకోవచ్చు. ఆ తర్వాత కంపెనీల్లో ఏం చేశాడో కూడా కూర్చోబెట్టి అడగండి. చాలామంది పిల్లలు తాము నిజంగా చేసిన పని రాసుకోవడం చేతకాక, కోచింగ్ వాళ్ళిచ్చిన పేరాలు దించేసి ఇరుక్కుంటున్నారు. నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టుల్లో బ్యాంకింగ్ ప్రాజెక్టుకీ హాస్పిటల్ ప్రాజెక్టుకీ అవే వాక్యాలు ఉంటాయి, కంపెనీ పేరు ఒక్కటే మారుతుంది.

ఆడిట్ మొదలయ్యాక అప్లికేషన్ మార్చడం కుదరదు. ఈసారికి వదులుకుంటే ఏడాది ఆగి మళ్ళీ పెట్టుకోవాలి. ఈలోగా సీఏపీఎం (పీఎంఐ ఇచ్చే మొదటి మెట్టు సర్టిఫికెట్) రాయమనండి, దానికి ప్రాజెక్ట్ అనుభవం అక్కర్లేదు, 23 గంటల శిక్షణ ఉంటే చాలు. అబద్ధం రాసి పట్టుబడితే మాత్రం ఏడాదితో పోతుందని నేను మాట ఇవ్వలేను.

గచ్చిబౌలి_పీఎం:

పద్మక్కా, చాలా థ్యాంక్స్. హోదా అక్కర్లేదన్న సంగతి అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఈ ఆదివారం ఇంటికి పిలుస్తాను, మా ఆవిడ ముందే మాట్లాడతాను. కానీ కంప్లయింట్ సంగతి ఇంకా తేలలేదు.

సాగరతీరం_వైజాగ్:

దానికి నా అభిప్రాయం చెప్తాను. ఉల్లంఘనల్ని దృష్టికి తెమ్మన్న మాట నిజమే. దాని వెంటే, ఆధారాలు ఉంటేనే ఫిర్యాదు చేయాలని కూడా ఉంది. అయితే ఇక్కడ ఫిర్యాదు దాకా వెళ్ళే అవసరమే లేదనుకుంటాను. ఇతను ఈ పని చేశాడా అని పీఎంఐ మిమ్మల్నే అడుగుతోంది. రాసింది నాకు తెలిసినదానితో సరిపోలడం లేదని మీరు అక్కడ నిజం చెప్పేస్తే, విషయం చేరాల్సిన చోటికి చేరినట్టే. అతనే ముందు వెనక్కి తగ్గితే ఇంకా మంచిది, అందుకు ఈ వారం టైమ్ ఇవ్వండి. జవాబే ఇవ్వకుండా మెయిల్‌ని పక్కన పెట్టేయడం మాత్రం వద్దు, దాచడం కూడా తప్పేనని పైన చెప్పాను కదా.

ఆ కోచింగ్ వాళ్ళ విషయం వేరు. వాళ్ళు పీఎంపీలైతే, ఇదే పని మిగతా పిల్లలకీ చేస్తున్నారని మీ దగ్గర డ్రాఫ్టులు, మెసేజ్‌ల లాంటివి ఉంటే, ఫిర్యాదు వెళ్ళాల్సింది వాళ్ళ మీద.

ఇంకొకటి. వచ్చే ఏడాది అతను నిజాలతోనే మళ్ళీ అప్లై చేసినా ఆ ప్రాజెక్టు తెలిసిన వేరే మేనేజర్‌నో డెలివరీ హెడ్‌నో సాక్షిగా పెట్టుకోమనండి. స్వప్రయోజనం అడ్డొచ్చే చోట ఆ సంగతి ముందే బయటపెట్టాలని, నిర్ణయంలో తలదూర్చకూడదని నిష్పక్షపాతం కింద ఉంది. ఎవరూ దొరక్క మీరే ధ్రువీకరించాల్సి వస్తే, ఇతను నా భార్య తమ్ముడని ఒక వాక్యం రాసి పీఎంఐకి ముందే మెయిల్ పెట్టండి.

గోదారి_గట్టు:

దోహా అన్న చెప్పిన మేస్త్రీల సంగతి నేను ఆలోచించలేదు. అయినా ఇంట్లోవాళ్ళకి చెప్పడం అంత తేలిక కాదు, అది మాత్రం మీరెవరూ తక్కువ చేయొద్దు. గచ్చిబౌలి అన్నా, ఆదివారం అత్తగారిని కూడా పిలువు. ఆ ఏడెనిమిది నెలలకి నీ మాట సాయం ఉంటుందని ఆవిడ ముందే వాడికి చెప్పు, లేకపోతే బావ అడ్డుపడ్డాడన్న మాటే మిగులుతుంది.