బతుకమ్మ టీషర్టులు హైదరాబాద్‌లో ప్రింట్ చేయించాలి, ఫైల్ ఎలా పంపాలి?

డాలస్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్తే. ఎమ్మెస్ కోసం ఆగస్టులోనే ఇక్కడికి వచ్చాను, మాది ఉప్పల్. యూనివర్సిటీలో తెలుగువాళ్లం కలిసి బతుకమ్మకి 60 టీషర్టులు చేయిద్దామనుకున్నాం. ఇక్కడ రేటు చాలా చెప్తున్నారు. హైదరాబాద్‌లో మా అన్నయ్య చేయించి, వచ్చేవాళ్లతో పంపిస్తానన్నాడు. నల్ల టీషర్టు, ఛాతీ మీద బతుకమ్మ బొమ్మ, కింద "పూల పండగ" అని ఉంటుంది. డిజైన్ ఫోన్‌లోనే చేశాను. అన్నయ్యకి వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా?

హైదరాబాద్ నుంచి:

తమ్ముడూ, సరిపోదు. ఇంకా పంపకపోతే ఆగు. నేను ఎనిమిదేళ్లు మీ డాలస్‌లోనే ఉండి వచ్చాను, ఇప్పుడు నారాయణగూడలో డిజైన్ పనే చేస్తున్నాను, ఇలాంటి ఫైళ్లు రోజూ చూస్తుంటాను కాబట్టి వివరంగా రాస్తున్నా.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది బొమ్మని నొక్కేసి చిన్నది చేసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపు, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వు. అంతకంటే ముందు అసలు సైజు చూసుకో. ఛాతీ మీద బొమ్మ 12 అంగుళాల వెడల్పు ఉండాలంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600 పిక్సెళ్లు కావాలి. ఫోన్ యాప్‌లో ఇన్‌స్టా సైజులో చేసి ఉంటే అది 1080 పిక్సెళ్లే, అంటే అంగుళానికి 90. పూల అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. దాన్నే సాగదీసి 3600 చేస్తే మసక కూడా అంతే సాగుతుంది, కొత్తగా పెద్ద కాన్వాస్ మీద మళ్లీ చెయ్యాల్సిందే.

ఇక తెలుగు అక్షరాలు. అందరూ దెబ్బ తినేది ఇక్కడే. మన ప్రింటింగ్ షాపుల్లో చాలాచోట్ల ఇంకా పాత కోరల్ డ్రా (డిజైన్ సాఫ్ట్‌వేర్), యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. నువ్వు యూనికోడ్‌లో టైప్ చేసిన ఫైల్ అక్కడ తెరిస్తే "బతుకమ్మ"లో మకార వత్తు విడిపోయి పక్కన కూర్చుంటుంది, ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. కంప్యూటర్‌లో చేస్తే అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే టైప్ చేసిన అక్షరాల నుంచి గీసిన ఆకారాలుగా, మార్చి పీడీఎఫ్ పంపు. కర్వ్స్ చేశాక స్పెల్లింగ్ దిద్దలేవు కాబట్టి అసలు ఫైల్ విడిగా దాచుకో. ఫోన్‌లోనే చేస్తానంటే బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ ఇవ్వు, అందులో అక్షరం బొమ్మ అయిపోతుంది, విరగదు. షాపులో మాత్రం మళ్లీ టైప్ చేయించొద్దు.

నీ మాటలో రెండు "ప"లు ఉన్నాయి చూశావా. "ప"కీ "వ"కీ తేడా తలకట్టు దగ్గర ఉన్న ఆ చిన్న సందు ఒక్కటే. బట్ట మీద సిరా కొద్దిగా పాకుతుంది, సందు పూడుకుపోతుంది. నేను అక్కడ ఉన్నప్పుడు సంక్రాంతికి టీషర్టులు చేయించాం, స్క్రీన్ మీద ఎంత ముద్దుగా ఉందో. వచ్చాక చూస్తే "తెలుగు వండగ". షాపువాళ్లు ప్రూఫ్ చూపించలేదు, మేమూ అడగలేదు. ఒక పెద్దావిడ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి "ఇదేంటమ్మా ఇలా ఉంది" అని అడిగినప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ. అందుకే చెప్తున్నా, ఆ సందుని చేత్తో కొంచెం వెడల్పు చెయ్యి. రామభద్ర లాంటి లావు ఫాంట్ దూరానికి బాగా కనిపిస్తుంది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే, టీషర్టుల మీద వాడుకోవచ్చు. కానీ లావు అక్షరాల్లో ఖాళీలు తక్కువ, అందుకని సైజు పెద్దది పెట్టు. అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి గోడకి అంటించి పది అడుగుల దూరం నుంచి వేరేవాళ్లతో చదివించు. నీకు మాట ముందే తెలుసు కాబట్టి నీ కళ్లకి తప్పు కనపడదు.

రంగుల సంగతి. స్క్రీన్ ప్రింటింగ్ అంటే జాలీలోంచి సిరాని బట్ట మీదకి దించడం, అందులో ఒక్కో రంగుకి ఒక్కో జాలీ (స్క్రీన్) కట్టాలి, నల్ల బట్ట అయితే అడుగున తెల్ల పూత కూడా. తంగేడు పసుపు, బంతి నారింజ, గునుగు గులాబీ, ఆకుపచ్చ అన్నీ పెడితే 60 పీసులకి గిట్టుబాటు కాదు. రెండు రంగులకి తగ్గించగలిగితే స్క్రీన్ చేయించు, ఉతికినా చాలాకాలం ఉంటుంది. అన్ని రంగులూ కావాలంటే డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) అడుగు. ఫిల్మ్ మీద ప్రింట్ తీసి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్‌తో బట్టకి అతికిస్తారు. దానికి నీడలు, మెరుపులు, పొగలా కరిగిపోయే అంచులు పెట్టొద్దు, అవి మురికిలా వస్తాయి. బొమ్మ వెనక పెద్ద రంగు డబ్బా కూడా వద్దు, ఛాతీ మీద ప్లాస్టిక్ షీటు కట్టుకున్నట్టు ఉంటుంది, గాలాడదు. పూల వరసల మధ్య నల్ల బట్టే కనిపించేలా గీస్తే బొమ్మ కూడా తేలిగ్గా ఉంటుంది. ఫోన్‌లో మెరిసే చిలకాకుపచ్చ బట్ట మీద కొంచెం చప్పబడుతుంది, దానికి ముందే సిద్ధపడు.

బొమ్మ నువ్వే గీశావా? నెట్‌లోంచి తీసినదైతే, గీసినవాళ్లని అడగకుండా వాడొద్దు.

అన్నయ్యని ముందు ఒక్క పీస్ చేయించమను. తిరగేసి రెండుసార్లు ఉతికి, ఎండలో వీడియో తీసి పంపమను. అది చూశాకే మిగతా 59. సైజులు కూడా ఎం, ఎల్ అని చెప్పొద్దు, మన ఎల్ అక్కడి ఎల్ కంటే చిన్నది, అందరి ఛాతీ కొలత అంగుళాల్లో రాసి పంపు.

డాలస్ నుంచి, పాత సభ్యుడు:

అక్క చెప్పినవి అన్నీ చెయ్యి తమ్ముడూ. నాదొక మాట. ఒక్కో టీషర్టు 200 గ్రాములు వేసుకున్నా 60కి 12 కిలోలు, అంటే 23 కిలోల పెట్టెలో సగం. ఒకళ్ల మీదే పెట్టకుండా ఇద్దరు ముగ్గురికి పంచు, కస్టమ్స్‌లో ఉన్నది ఉన్నట్టు డిక్లేర్ చెయ్యమని వాళ్లకి చెప్పు. ఇంకా ముఖ్యం, నువ్వు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. ఖర్చు అందరూ పంచుకోవడం వేరు, లాభం వేసుకుని అమ్మడం వేరు. అమ్మే ఆలోచన ఏమాత్రం ఉన్నా ముందు మీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుని అడుగు.

డాలస్ నుంచి, కొత్త సభ్యుడు:

అక్కా, ఇప్పుడే పెద్దది చేసి చూశాను, రెండు "ప"లకీ తలకట్టు దాదాపు అంటుకునే ఉంది. డిజైన్ సైజు కూడా 1080యే. ఈ రాత్రికి మళ్లీ మొదలుపెడుతున్నాను, పూలు రెండు రంగుల్లో గీసి చూస్తాను. అన్నయ్యకి ఫోన్ చేసి ఆపమని చెప్పాను.