బై లెస్బియన్‌ని. ఏ జెండా పెట్టుకోను?

కృష్ణఒడ్డు: మిషిగన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. నేను ప్రేమించిందీ, కలిసి బతకాలనుకునేదీ ఆడవాళ్లతోనే. అలాగని మగవాళ్ల మీదికి ఎన్నడూ మనసు పోలేదంటే అబద్ధం. అందుకే బై (బైసెక్సువల్) లెస్బియన్ అని చెప్పుకుంటాను. జూన్‌లో డెట్రాయిట్ ప్రైడ్‌కి, అంటే మనలాంటివాళ్ల పండగకి వెళ్తున్నా. లెస్బియన్ల నారింజ-గులాబీ జెండా పిన్ను పెట్టుకుంటే "అది నీది కాదు" అంటున్నారు. బై జెండా ఒక్కటే పెట్టుకుంటే నా గురించి సగమే చెప్పినట్టుంది. రెండూ పెట్టుకోవచ్చా?

మల్లెతీగ: నీ మనసుని కాదనను తల్లీ. కానీ "సరైన మగాడు తగల్లేదు, అంతే" అనే మేనమామ మా ఇంట్లోనే ఉన్నాడు. లెస్బియన్ ముందు బై చేరిస్తే అలాంటివాళ్లకి ఇంకో సాకు దొరుకుతుంది. బై జెండా చాలదా?

వరంగల్_పిల్ల: రెండూ పెట్టుకో చెల్లీ. ఎవరినీ అడగకు.

మల్లెతీగ గారూ, మీ బాధ నాకు తెలుసు. మా ఇంట్లో ఆ మాట నన్నూ అన్నారు. అప్పటికి నేను లెస్బియన్‌నని మాత్రమే చెప్పాను. వాళ్లకి బై అనే సాకు అక్కర్లేకపోయింది.

ఇక జెండాల సంగతి. 2018లో ఎమిలీ గ్వెన్ ఏడు చారల లెస్బియన్ జెండా గీసింది. మధ్యలో ఉన్న తెల్ల చారకి, స్త్రీత్వంతో ఒక్కొక్కరికీ ఉండే ప్రత్యేకమైన అనుబంధం అని అర్థం చెప్పింది. మగవాళ్ల మీద మనసు పోకూడదని ఏ చారా చెప్పదు. అంతకుముందు 1999లో వచ్చిన ఊదా జెండా మీద నల్ల త్రికోణం, అందులో రెండంచుల గొడ్డలి ఉంటాయి. దాన్ని గీసిన షాన్ క్యాంప్‌బెల్ మగవాడే! బై జెండా 1998లో మైకేల్ పేజ్ చేశాడు. గులాబీ, నీలం చెరి రెండు వంతులు, నడుమ ఊదా ఒక వంతు. ఆ ఊదా అటూ ఇటూ కలిసిపోయి కంటికి ఆనదని, బై మనుషుల బతుకూ అంతేనని ఆయన భావం.

నన్ను నిజంగా కదిలించింది మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ కథ. అక్కడి ప్రైడ్ మార్చ్ పేరులోంచి 1990లో "బైసెక్సువల్" అనే మాట తీసేశారు. ఏళ్ల తరబడి ఆ లెస్బియన్ సమాజంలోనే బతికి, పనిచేసిన బై ఆడవాళ్లకి తగిలిన దెబ్బ అది. కానీ 1993లో మన హక్కుల కోసం వాషింగ్టన్‌లో జరిగిన పెద్ద మార్చ్ పేరులో "బై" చేరింది. ఆ వేదిక మీద మాట్లాడిన లానీ కాఅహుమాను మొదట లెస్బియన్‌గా, తర్వాత బైసెక్సువల్‌గా బయటికొచ్చిన మనిషి. నువ్వు కొత్తగా కల్పించుకున్నదేమీ లేదమ్మా.

కృష్ణఒడ్డు: థాంక్యూ అక్కా. రెండూ పెట్టుకుంటాను. ఎవరైనా ఆపి అడిగితే నార్తాంప్టన్ గురించే చెప్తాను. డెట్రాయిట్‌కి మనవాళ్లు ఎవరైనా వస్తున్నారా?