హైదరాబాద్‌లో పాత సీసం ఎక్కడ దొరుకుతుంది?

అన్నలూ, చిన్న సాయం కావాలి. ఆదివారాలు చేపలకి గాలం వేసే అలవాటు ఉంది, దానికి కట్టే సీసం గుండ్లు రాళ్ళల్లో ఇరుక్కుని తెగిపోతూనే ఉంటాయి, కొని కొని విసుగొచ్చి ఇంట్లోనే కరిగించి పోసుకుందామని అనుకుంటున్నా. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి గ్యాస్ బర్నర్ చాలు. సరుకే దొరకట్లేదు.

మా వీధి చివర టైరు షాపులో వీల్ బ్యాలెన్సింగ్ చేసి తీసేసిన పాత బరువులు అడిగితే ఒక డబ్బా ఇచ్చాడు, ఇంటికొచ్చి చూస్తే సగం ఇనుపవి, అయస్కాంతానికి అంటుకున్నాయి. మిగతావాటిలో జింకువి ఉన్నాయేమోనని అనుమానం. గోరుతో గీస్తే గీత పడేది సీసం అంటారు కదా, అది నమ్మొచ్చా? జింకు 420 దగ్గర కరుగుతుంది కాబట్టి మంట తక్కువ పెడితే పైన తేలుతుంది, గరిటెతో తీసేయొచ్చు అనుకుంటున్నా, ఎవరైనా చేసి చూశారా?

పాత బ్యాటరీలు పగలగొట్టమని మాత్రం చెప్పొద్దు, ఆ యాసిడ్, ఆ విషవాయువులు మనకొద్దు.

జుమ్మేరాత్ బజార్‌లోగానీ రాణీగంజ్ వైపుగానీ కిలోల లెక్కన అమ్మేవాళ్ళు ఉన్నారా, ఇప్పుడు రేటెంత నడుస్తోంది? ఇంకోటి, ఇంట్లో చిన్నపాప ఉంది, మేడ మీద ఆరుబయట చేసినా అప్పుడు నేను వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలా?