నియంతను అడ్డుకునే ఖర్చు: ఇప్పుడే పన్నుగా కట్టాలా, పిల్లల పేర అప్పు రాయాలా?

లెక్కలపంతులు:
2025 మార్చిలో జర్మనీ తన రాజ్యాంగంలోని అప్పుల పరిమితిని సడలించింది. రక్షణ ఖర్చు జీడీపీలో 1 శాతం దాటితే, ఆ పైదానికి ఎంతైనా అప్పు చేయొచ్చు. జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలు 2035 కల్లా రక్షణకూ దాని అనుబంధ ఖర్చులకూ కలిపి 5 శాతం పెడతామన్నాయి. రష్యాను అడ్డుకోవాలి, అందులో నాకు రెండో మాట లేదు. బిల్లు ఎవరి పేర రాస్తున్నారన్నదే నా గొడవ.

2014లో రష్యా క్రిమియాను కలిపేసుకుంది. మరుసటి ఏడాదే రష్యా గ్యాస్‌ను సముద్రం కింద నుంచి జర్మనీకి తెచ్చే రెండో నార్డ్ స్ట్రీమ్ పైపులైనుకు కంపెనీలు సంతకాలు చేశాయి. 2021 నాటికి జర్మనీ దిగుమతి చేసుకునే గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే. చవక గ్యాస్‌తో ఫ్యాక్టరీలు నడిచాయి, సైన్యం ఖర్చు మిగిలింది. ఆ మిగులు తిన్నది ఒక తరం. వడ్డీతో సహా కట్టబోయేది అప్పటికి ఓటు కూడా లేని తరం. పైగా 2026 నుంచి అక్కడ పద్దెనిమిదేళ్లు నిండిన మగపిల్లలు సైనిక సేవ ప్రశ్నావళి నింపి తీరాలి. డబ్బూ వాళ్లదే, ఒళ్లూ వాళ్లదేనా?

చుక్కాని:
పంతులుగారూ, లెక్కలో ఒక పద్దు వదిలేశారు. ఆ అప్పుతో కొన్న భద్రత ఎవరికి ఎక్కువ కాలం పనికొస్తుంది? డెబ్బై ఏళ్లాయనకు ఇంకో పదిహేనేళ్లు, పదేళ్ల పిల్లకు జీవితమంతా. బ్రిటన్ అమెరికాకు తన పాత అప్పు చివరి వాయిదా 2006 డిసెంబరులో కట్టింది. హిట్లర్‌ను చూడని మనవలు కూడా అందులో భాగం పంచుకున్నారు కదా.

మొండిఘటం:
చిన్న సవరణ. ఆ అప్పు యుద్ధం చేయడానికి తెచ్చింది కాదు. యుద్ధం ముగిశాక దేశం నిలదొక్కుకోవడానికి తెచ్చింది. యుద్ధం నడుస్తుండగా బ్రిటన్ అప్పులు చేసింది గానీ, పన్నులూ గట్టిగానే బాదింది. 1941లో ఆదాయపు పన్ను ప్రామాణిక రేటు పౌండుకు పది షిల్లింగులు, అంటే సగానికి సగం! 2025లో అదే బ్రిటన్ ఏం చేసింది? రక్షణకు డబ్బు కావాలని విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 నుంచి 0.3 శాతానికి తగ్గిస్తామంది. ధరలు, జీతాలు, 2.5 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంత పెన్షన్ పెంచే హామీ జోలికి మాత్రం పోలేదు. బీద దేశాల వాళ్లకు అక్కడ ఓటు లేదుగా.

తోకచుక్క:
పెన్షన్ తీసుకునేవాళ్లంతా కలిగినవాళ్లేనా అండీ? అద్దె ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలావిడా, తాత ఆస్తితో కూర్చున్న పాతికేళ్ల కుర్రాడూ, ఎవరిని ముందు అడగాలి? వయసును కాదు, ఆస్తిని చూసి వేయండి పన్ను. డెన్మార్క్ అయితే రక్షణ ఖర్చు కోసం 2024 నుంచి ఏకంగా ఒక పండగ సెలవే ఎత్తేసింది. రిటైరైనవాళ్లకు దాంతో పోయేదేముంది, వాళ్లకు రోజూ సెలవే. దెబ్బంతా పనిచేసేవాళ్లకే.

లెక్కలపంతులు:
తోకచుక్క గారి మాట ఒప్పుకుంటున్నా, ఆస్తి చూసే వేయాలి. చుక్కాని గారికి సగం ఒప్పుకుంటా. ముప్పై ఏళ్లు నిలిచే వంతెనకో, ఆయుధాల ఫ్యాక్టరీకో అప్పు చేయండి, పిల్లలూ వాడుకుంటారు. ఫిరంగి గుండు నిమిషంలో పేలిపోతుంది, దాని బాకీ వాళ్ల దాకా ఎందుకు పోవాలి? జీతాలకూ మందుగుండుకూ ఈనాటి పన్నే న్యాయం. యుద్ధం మధ్యలో ఉన్న యుక్రెయినే 2024 దాకా ఇరవై ఏడేళ్లు నిండనివాళ్లను సైనిక సమీకరణలో బలవంతంగా తీసుకోలేదు, ఆ తర్వాత కూడా ఇరవై ఐదు దగ్గరే ఆగింది. ప్రాణాల విషయంలో వాళ్లు చూపించిన ఆ జాగ్రత్త, డబ్బు విషయంలో మిగతా యూరప్ చూపించకూడదా?

చుక్కాని:
గుండ్లకు పన్ను, సరే. కానీ ఆ మాట చెప్పి ఎన్నికలకు వెళ్లిన పార్టీ ఓడిపోయి, పుతిన్‌తో రాజీ పడదామనేవాళ్లు గెలిస్తే? 2025 డిసెంబరులో యూరప్‌లో స్తంభింపజేసిన రష్యా ప్రభుత్వ సొమ్ము వాడుకోవడం మీద కూడా యూరప్ నాయకులకు ఏకాభిప్రాయం కుదరక, యుక్రెయిన్ కోసం 90 బిలియన్ యూరోల ఉమ్మడి అప్పుకే దిగారు. ఎందుకంటే అప్పు ఇవాళ ఎవరికీ నొప్పి పెట్టదు.

మొండిఘటం:
ఆ నొప్పి లేకపోవడమే కదా బాబూ పంతులుగారు మొదటి నుంచీ మొత్తుకుంటున్నది!