లోపల పాప ఏం చెప్పిందో అమ్మకి చెప్పరా?

గుంటూరు అమ్మ:
మా పాప ఇంటర్ ఫస్టియర్. మే నెల ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ చుడీదార్లే వేసుకుంటుంటే అనుమానమొచ్చి చూశాను. మోచేతి కింద బ్లేడు గీతలు. సైకాలజిస్ట్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్తున్నాం. మొదటిసారి మాతో కూడా మాట్లాడారు, ఆ తర్వాత నుంచి దాన్నొక్కదాన్నే లోపలికి పిలుస్తున్నారు. ఏం చెప్పిందండీ అంటే "తను చెప్పమంటే చెప్తాను" అంటారు. ఫీజు కట్టేది మేం, మాకే చెప్పరా?

స్వప్న, కూకట్‌పల్లి:
మాకూ ఇదే జరిగిందండీ. ఒళ్లు మండిపోయేది. కానీ అమ్మకి తెలిసిపోతుందన్న భయం ఉన్నంతకాలం ఈ వయసు పిల్లలు "అంతా బానే ఉంది" అనే అంటారు. ఒక్కటి మాత్రం తేల్చుకోండి, ప్రాణం మీదికొచ్చే విషయమైతే మీకు చెప్తారా లేదా అని. మా మేడమ్ ఆ మాట పాపనీ కూర్చోబెట్టే చెప్పారు.

ఎల్బీనగర్ రవి:
ఇంకోటుంది. లైంగిక వేధింపు సంగతి బయటపడితే థెరపిస్టు దాచకూడదు. పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. అదీ పాపకి మొదటే తెలియాలి. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డుంటే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందేమో చూడండి. రెండ్రోజుల కోర్సు చేసి క్లినిక్ తెరిచినవాళ్లు మా ఏరియాలోనే ఉన్నారు!

విద్య:
నేనూ ఒకప్పుడు అలా లోపల కూర్చున్న పిల్లనే ఆంటీ, ఇప్పుడు బీటెక్. నాకు డీబీటీ చేశారు, అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, తట్టుకోలేని కోపం, దిగులు లాంటివాటిని ఎలా దాటాలో నేర్పే థెరపీ. అమెరికాలో మార్షా లినెహాన్ తయారుచేసిన పద్ధతి, మొదట పెద్దవాళ్ల కోసం, తర్వాత టీనేజర్లకీ మలిచారు. నీతులు చెప్పరు. కోసుకోవాలనిపిస్తే ఐసుముక్క చేతిలో పట్టుకోమనేవారు. రోజూ ఒక కార్డు మీద కోపం, దిగులు, సిగ్గు ఎంతెంతున్నాయో 0 నుంచి 5 దాకా అంకె వేయాలి. సిగ్గు గడిలో చాలాకాలం 5 తప్ప ఇంకోటి వేయలేదు నేను. అమ్మ దారిలో "ఏం మాట్లాడారే" అనడం మానేసి "దోసె తిందామా" అనడం మొదలుపెట్టాక నేనే ఒక్కోటీ చెప్పా. రోజూ చేతులు చూపించమనకండి, ప్లీజ్.

గుంటూరు అమ్మ:
మా అత్తగారేమో బయటికి పొక్కితే రేపు సంబంధాలు రావు, మాన్పించెయ్ అంటున్నారు.

స్కూల్ కౌన్సెలర్, ఖమ్మం:
మాన్పించకండమ్మా. బ్లేళ్లు, మాత్రలు ఇంట్లో అందకుండా పెట్టండి. మందులు అవసరమైతే రాసేది సైకియాట్రిస్టే, మేడమ్‌నే అడగండి ఎవరి దగ్గరికి పంపుతారో. అర్ధరాత్రి భయమేస్తే టెలీ మానస్, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416కి ఫోన్ చేయండి. 2022 నుంచి ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చావు మాట ఎత్తితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గుంటూరు అమ్మ:
థాంక్సండీ. పాపకి తెలియకుండా మా అనుమానాలు మేడమ్‌కి వాట్సాప్‌లో పెట్టొచ్చా?

విద్య:
పెట్టండి, కానీ దానికి చెప్పే పెట్టండి ఆంటీ. మా అమ్మ పంపినవన్నీ మా మేడమ్ నాకే చదివి వినిపించేవారు.