పెద్దవాళ్లకి "రోజూ నడవండి" అని చెప్పి పంపేస్తే సరిపోతుందా?

శ్రీకాకుళం_అబ్బాయి:
మా అమ్మకి 68. షుగరు, మోకాళ్ల నొప్పులు. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు "రోజూ నడవండమ్మా" అంటారు. ఎంతసేపు, నొప్పొస్తే ఏం చేయాలి అన్నది చెప్పరు. మోకాళ్లు ఇంకా అరిగిపోతాయని భయపడి అమ్మ నడక మానేసింది. మందులు రాసినట్టే వ్యాయామం కూడా చీటీలో రాయాలా, వద్దా?

ఓపీ_డాక్టర్:
రాయాలనే ఉంటుంది. ఓపీలో ఒక్కొక్కరికి దక్కేది మూడు నాలుగు నిమిషాలు. బీపీ, రిపోర్టులు, మందులు అన్నీ అందులోనే చూడాలి. "ఇంటి పనంతా నేనే చేస్తున్నా, మళ్లీ నడకెందుకు?" అని అడిగేవాళ్లకి నచ్చజెప్పే టైమ్ ఏది?

హన్మకొండ_ఫిజియో:
టైమ్ లేని మాట నిజమే సార్. న్యూజిలాండ్‌లో 1998 నుంచే 'గ్రీన్ ప్రిస్క్రిప్షన్' ఉంది. డాక్టరు వ్యాయామం రాసిస్తారు, తర్వాత వెంటపడి చేయించడానికి వేరే మనుషులుంటారు.

నా బాధల్లా నడక ఒక్కటే చెప్పి వదిలేయడం మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 దాటినవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలంది. దాంతోపాటు కండరాల బలానికి కనీసం 2 రోజులు, పడిపోకుండా బ్యాలెన్స్ కోసం 3 రోజులు వ్యాయామం ఉండాలంది. ఈ రెండో సంగతి మన దగ్గర ఎవరూ ఎత్తరు. బాత్రూమ్‌లో పడి తుంటి విరగ్గొట్టుకుని మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తొడల్లో పట్టుండదు.

తమ్ముడూ, అమ్మగారిని గోడకి ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, మెల్లగా పదిసార్లు లేచి కూర్చోమనండి. మొదట్లో చేతుల ఊతం తీసుకోవచ్చు. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించమనండి. దీంతో మోకాళ్లు అరగవు, చుట్టూ కండ గట్టిపడుతుంది. కాస్త నొప్పికి భయపడక్కర్లేదు. నొప్పి మర్నాటికీ తగ్గకపోయినా, వాపొచ్చినా వ్యాయామం తగ్గించాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరుకి చూపించాలి.

గుంటూరు_అత్తమ్మ:
నడవమనేవాళ్లు మా వీధికి ఒకసారి రండి బాబూ. ఫుట్‌పాత్ మీద బళ్లు, రోడ్డు మీద కుక్కలు. కుర్చీ వ్యాయామమైతే ఇంట్లోనే చేసుకుంటాం.

ఓపీ_డాక్టర్:
కుర్చీ వ్యాయామాలు అచ్చువేయించి ఇవ్వొచ్చు, ఒప్పుకుంటా. కానీ గుండెజబ్బు ఉన్నవాళ్లకీ, ఈమధ్యే పడ్డవాళ్లకీ అదే కాగితం ఇవ్వను. వాళ్లని విడిగా చూసి చెప్పాల్సిందే.

హన్మకొండ_ఫిజియో:
గుండె సంగతి మీరు చూసి సరేనన్నాక మా దగ్గరికి పంపండి సార్. చీటీలో "ఫిజియోకి చూపించండి" అని ఒక్క ముక్క రాస్తే చాలు.